మాథ్యూస్ అరీనాలో నా చలికాలాలు

బోస్టన్ నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసిన తెలుగువాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. స్నెల్ లైబ్రరీలో ఏ మూల కూర్చుంటే నిద్ర బాగా పడుతుందో చెప్తారు. రగ్గల్స్ స్టేషన్ బయట గాలి ఏ వైపునుంచి కొడుతుందో చెప్తారు. మిషన్ హిల్‌లో ఏ ఇంట్లో ఎంతమంది సర్దుకున్నారో, హాల్లో పరుపేసుకున్నది ఎవరో కూడా చెప్తారు. మాథ్యూస్ అరీనా గురించి అడిగితే మాత్రం సగం మంది "ఆ ఐస్ హాకీ ఆడే పాత బిల్డింగేనా?" అని ఊరుకుంటారు. 2025 డిసెంబర్ 13న అందులో ఆఖరి మ్యాచ్ అని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎవరో బొటనవేలు చూపించారు. ఇంకొకడు "మనం ఎప్పుడైనా వెళ్ళామా అందులోకి?" అన్నాడు.

నేను వెళ్ళాను. చూడ్డానికి కాదు, పనికి.

2016 ఫాల్‌లో దిగాను. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పని చేసుకోవచ్చు. డైనింగ్ హాళ్ళలో పనులూ లైబ్రరీలో కూర్చుని చేసే పనులూ మాకంటే ముందొచ్చిన సీనియర్లు, వాళ్ళ రూమ్మేట్లు, ఆ రూమ్మేట్ల కజిన్లు కలిసి ఎప్పుడో పంచేసుకున్నారు. నాకు మిగిలింది అరీనా. మ్యాచ్ ఉన్న రోజు గుమ్మం దగ్గర నిలబడి టికెట్లూ, హస్కీ కార్డులనే స్టూడెంట్ల ఐడీ కార్డులూ స్కాన్ చెయ్యాలి. దారి తెలియని వాళ్ళని సీటు దాకా తీసుకెళ్ళాలి. అంతా అయ్యాక బాల్కనీ అంతా తిరిగి ఎవరైనా ఏదైనా మర్చిపోయారేమో చూడాలి. "లోపల గూడ చలే ఉంటదంట గదరా, అట్లాంటి పనికి ఎవడు పోతడు?" అన్నాడు మా నల్గొండ రూమ్మేటు. ఎవడూ పోడు కాబట్టే నాకు దొరికింది.

ఆరెంజ్ లైన్‌లో మాసచూసెట్స్ అవెన్యూ స్టేషన్ దిగితే రోడ్డు దాటినంత దూరం. అక్కడ అంత పొడుగు పేరు ఎవరూ వాడరు, మాస్ ఆవ్ అంటారు. ఒకపక్క సెయింట్ బొటాల్ఫ్ వీధి, ఇంకొంచెం ముందుకెళ్తే సింఫనీ హాలు. అందుకని శనివారం సాయంత్రాలు ఆ పేవ్‌మెంటు మీద ఓవర్‌కోట్లేసుకుని సంగీత కచేరీకి పోయే పెద్దవాళ్ళూ, ముఖాలకి ఎరుపూ నలుపూ రంగులు పూసుకున్న కాలేజీ పిల్లలూ ఒకళ్ళనొకళ్ళు రాసుకుంటూ నడిచేవాళ్ళు. బయట్నుంచి చూస్తే అది వేల మంది పట్టే చోటని ఎవరూ అనుకోరు. వీధిలో మిగతా ఇళ్ళ మధ్యే ఇరుక్కుని ఉండేది. కమాను కింద నుంచి లోపలికి నడిచి, లాబీ దాటి, చిన్న దారిలోంచి ఒక్కసారిగా ఐసు ముందు తేలేవాళ్ళం. మొదటిసారి వచ్చిన వాళ్ళు అక్కడే ఆగిపోయేవాళ్ళు. వెనకాల వచ్చేవాళ్ళు వాళ్ళని గుద్దుకునేవాళ్ళు. "కదలండి, కదలండి" అనడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఐసంటే నాకు కొత్త కాదు. మాది భీమవరం. మా మావయ్య ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చేపల చెరువులున్న ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ అంటే ఊరికి గుండెకాయ లాంటిది, అది ఆగితే కలకత్తా లారీలు ఆగుతాయి. సెలవుల్లో అక్కడే ఆడుకునేవాణ్ణి. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో వరసగా ఇనప డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్ళు. పక్కన కంప్రెసరు రొద, అమ్మోనియా ఘాటు. ఉప్పునీళ్ళని సున్నా కంటే కిందకి చల్లార్చినా గడ్డకట్టవు కాబట్టి, ఆ చలిని మోసుకెళ్ళి డబ్బాల్లో నీటిని దిమ్మలుగా మారుస్తాయి. మావయ్య చెక్క మూతల మీద నడుస్తూ "కాలు జారితే నువ్వూ దిమ్మవే రా" అని బెదిరించేవాడు.

హాకీ రింకు, అంటే ఆట ఆడే ఐసు నేల, దాని కింద ఉండేదీ ఇదే సరుకు. యంత్రాల గదిలో చల్లార్చిన ఉప్పునీళ్ళో, అలాంటి మరో ద్రవమో కాంక్రీటు గచ్చు లోపల వేసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. గచ్చు చల్లబడి, దాని మీద పల్చగా, పొరలు పొరలుగా చల్లిన నీళ్ళు గడ్డకడతాయి. ఐసు తెల్లగా కనబడేది దానంతటదే కాదు, కింద పొరకి తెల్లరంగు వేస్తారు. ఎర్ర గీతలూ నీలం గీతలూ కూడా వేసి, వాటి పైన మళ్ళీ నీళ్ళు. ఇంత చేసినా మొత్తం మందం అంగుళమో, అంగుళంపావో. 200 అడుగుల పొడవున పరిచిన ఆ కాస్త పొర మీద తొంభై కిలోల మనుషులు గుర్రాల్లా పరిగెత్తి ఒకళ్ళనొకళ్ళు గోడకి కొట్టేస్తుంటే, మొదటి రోజు నా భయమంతా ఐసు గురించే. ఫోన్‌లో మావయ్యకి చెప్తే ఆయన ఆట గురించి ఒక్క ముక్క అడగలేదు. "కరెంటు పోతే జనరేటరుందా?" అన్నాడు.

ఆటలో 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. మధ్య విరామాల్లో జనం పాప్‌కార్న్ కోసం లేస్తే, నేను గోడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి, ఐసుని మళ్ళీ నున్నగా చేసే జాంబోనీ బండిని చూడ్డానికి. బండి కింద పొడుగాటి బ్లేడు స్కేట్ల గాట్లు పడ్డ పై పొరని చెక్కేస్తుంది, ఆ పొడిని బండి తనే మింగేస్తుంది, వెనక వేలాడే తడి గుడ్డ వేడినీళ్ళు పరుచుకుంటూ పోతుంది. వేడినీళ్ళే ఎందుకంటే, అవి కింద ఐసుని కాస్త కరిగించి దానితో బాగా అతుక్కుంటాయి. వేడినీళ్ళలో గాలి తక్కువ ఉంటుంది కాబట్టి గట్టిగా, నున్నగా గడ్డకడతాయి. ఆ గుడ్డ వెనకాల సన్నగా ఆవిరి లేస్తుంది. బండి వెళ్ళిన మేర నల్లగా తడి మెరుపు, ఒక నిమిషం ఆగి చూస్తే ఆ మెరుపు అంచుల నుంచి మసకబారుతూ లోపలికి వస్తుంది. మొత్తం మసకబారితే ఐసు తయారైనట్టు. ఈ బండిని 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన కనిపెట్టాడు. అతని స్కేటింగ్ రింకులో అంతకుముందు ఇదే పని మనుషులు పారలూ గొట్టాలూ పట్టుకుని గంటకి పైగా చేసేవాళ్ళట. అరీనా కట్టింది 1910లో. అంటే దాదాపు నలభయ్యేళ్ళు ఈ బండి లేకుండానే అక్కడ హాకీ నడిచింది.

ఈ సంగతి నాకు చెప్పింది నాతోపాటు గుమ్మం దగ్గర నిలబడే పెద్దాయన. డెబ్భై దాటాయి, డార్చెస్టర్ మనిషి. రిటైరయ్యాక ఖాళీగా ఉండలేక ఈ పని పట్టుకున్నాడు. హైస్కూల్లో ఉండగా, అరవైల్లో, ఆ ఐసు మీదే ఆడాడు. బోస్టన్ చుట్టుపక్కల స్కూళ్ళ హాకీ అంతా కొన్ని దశాబ్దాలు అక్కడే కదా. ఆయనకి నా పేరు నోరు తిరగలేదు, "కిడ్" అనేవాడు. చలికాలం పోయే కొద్దీ నాకూ ఆ పేరు అలవాటైంది. మ్యాచ్ మొదలై గుమ్మం దగ్గర సందడి తగ్గాక ఆయన కథలు మొదలయ్యేవి. నేను ఇంటికెళ్ళి అవి నిజమో కాదో వెతుక్కునేవాణ్ణి. చాలావరకు నిజమే అయ్యేవి, అదీ ఆయనతో వచ్చిన చిక్కు.

1910 ఏప్రిల్ 16న బోస్టన్ అరీనా పేరుతో తెరిచారు. అప్పటికి యూనివర్సిటీకీ దానికీ సంబంధం లేదు, అది ఊరందరి రింకు. హార్వర్డ్ అక్కడ ఆడింది, ఎంఐటీ ఆడింది, బోస్టన్ కాలేజీ, బోస్టన్ యూనివర్సిటీ అందరికీ సొంత రింకులు లేని కాలంలో అదే ఇల్లు. ప్రిన్స్‌టన్ కుర్రాడు హోబీ బేకర్ హార్వర్డ్ మీద ఆడ్డానికి ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడు అమెరికా కాలేజీ హాకీలో మగవాళ్ళ జట్లలో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బహుమతి అతని పేరు మీదే ఉంది. 1918లో అగ్నిప్రమాదం జరిగి చాలా భాగం పోయింది, మళ్ళీ కట్టి 1921లో తెరిచారు. నార్త్‌ఈస్టర్న్ 1929లో హాకీ జట్టు పెట్టుకుని అక్కడ అద్దెకి ఆడుతూ, ఆడుతూ, చివరికి 1979లో ఆ బిల్డింగునే కొనేసింది. అద్దెకున్నవాడు ఇల్లు కొనుక్కోవడానికి యాభయ్యేళ్ళు పట్టిందన్నమాట. బాగుచేయించాక 1982లో పూర్వ విద్యార్థి జార్జ్ మాథ్యూస్, ఆయన భార్య హోప్ పేరు మీద మాథ్యూస్ అరీనా అన్నారు. పెద్దాయన మాత్రం ఎప్పుడూ మాథ్యూస్ అనలేదు. "అరీనా" అంతే.

ఆయనకి ఇష్టమైన తేదీ 1924 డిసెంబర్ 1. ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ హాకీ లీగులో అమెరికా నుంచి మొదటి జట్టు బోస్టన్ బ్రూయిన్స్. వాళ్ళ మొట్టమొదటి మ్యాచ్ ఇక్కడే, మాంట్రియల్ మరూన్స్ మీద, 2-1తో గెలిచారు. జట్టు పెట్టిన చార్ల్స్ ఆడమ్స్‌ది కిరాణా వ్యాపారం. 1928లో ఇంకా పెద్దదైన బోస్టన్ గార్డెన్ కట్టగానే బ్రూయిన్స్ అక్కడికి పోయారు. ఆ గార్డెన్ ఇప్పుడు లేదు, ఎప్పుడో తొంభైల్లోనే కూల్చేశారు. దాని కంటే ముందు పుట్టిన అరీనా ఇంకా నిలబడి ఉందని చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో కాస్త దాయాది గర్వం వినబడేది. ప్రపంచంలో ఇంకా ఆట నడుస్తున్న ఇండోర్ హాకీ రింకుల్లో ఇదే అతి పాతదని యూనివర్సిటీ కూడా చెప్పుకునేది.

నాకిష్టమైన కథ మాత్రం హాకీది కాదు, బాస్కెట్‌బాల్‌ది. 1946 నవంబర్ 5న బోస్టన్ సెల్టిక్స్ సొంత ఊళ్ళో ఆడిన మొట్టమొదటి మ్యాచ్. గార్డెన్‌లో రోడియో, అంటే ఎద్దుల మీద ఎక్కి తిరిగే తమాషా, నడుస్తోంది కాబట్టి ఆట ఇక్కడికి వచ్చింది. మొదలయ్యే ముందు చేతులు సర్దుకోవడానికి బంతులేస్తుంటే చక్ కానర్స్ వేసిన ఒక బంతికి గాజు బోర్డు భళ్ళున పగిలింది. రింగుకీ గాజుకీ మధ్య పెట్టాల్సిన రబ్బరు ముక్క బిగించలేదట. ఇంకో బోర్డు ఎక్కడుందీ అంటే, గార్డెన్‌లో, ఎద్దుల దొడ్డి వెనకాల. అక్కడికి మనిషిని పంపి, ఎద్దుల్ని దాటించి తెప్పించేసరికి గంట పట్టింది. అంతా చేసి సెల్టిక్స్ 57-55తో షికాగో చేతిలో ఓడిపోయారు. చక్ కానర్స్ తర్వాత బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ రెండూ వదిలేసి టీవీలో కౌబాయ్ హీరో అయ్యాడు. ఈ కథని పెద్దాయన చెప్పినప్పుడు ఎద్దులు నాలుగుండేవి, నెల తర్వాత చెప్పినప్పుడు పన్నెండయ్యాయి.

సెల్టిక్స్‌ని పెట్టిన వాల్టర్ బ్రౌన్‌కీ ఆ అరీనాకీ ఇంటి బంధం ఉంది. వాళ్ళ నాన్న జార్జ్ బ్రౌన్ అరీనా నడిపేవాడు, ఆ తర్వాత కొడుకు. బోస్టన్‌లో నాలుగు కాలేజీలు ఒకరినొకరు చీల్చి చెండాడుకునే బీన్‌పాట్ టోర్నీ కూడా 1952 డిసెంబర్ 26, 27 తేదీల్లో ఇక్కడే పుట్టింది. మొదటిది హార్వర్డ్ ఎగరేసుకుపోయింది. తర్వాత అది గార్డెన్‌కి మారి, ఫిబ్రవరి మొదటి రెండు సోమవారాల పండగగా స్థిరపడింది.

ఆటలే కాదు. ఇద్దరు రూజ్వెల్టులూ, కెనెడీ అక్కడ ప్రసంగించారు. బాక్సింగ్ జరిగింది, ఐసు మీద డ్యాన్సులు జరిగాయి. 1958 మే 3న ఆలన్ ఫ్రీడ్ అనే రేడియో ఆయన చక్ బెర్రీ, జెర్రీ లీ లూయిస్, బడ్డీ హాలీలని తెచ్చి రాక్ ఎండ్ రోల్ కచేరీ పెట్టాడు. బయట గొడవలైతే పోలీసులు ఆయన మీదే అల్లర్లు రేపాడని కేసు పెట్టారు, మేయరుగారు ఊళ్ళో అలాంటి కచేరీలే వద్దన్నాడు. 1970 ఏప్రిల్‌లో జిమ్ మారిసన్ పాడే డోర్స్ రాక్ బృందం ఒకే రాత్రి రెండు కచేరీలు చేస్తే, రెండోది అర్ధరాత్రి దాటి సాగీ సాగీ చివరికి కరెంటు తీసేసి ఆపించారు. "కరెంటు తీసేశారా? మరి ఐసు?" అనడిగాను నేను. పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "కిడ్, జిమ్ మారిసన్ పాడుతుంటే ఐసు గురించి అడిగేవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు. ఏం చేస్తాం, పెంపకం.

ఇవన్నీ విన్నాక ఆ బిల్డింగులో నాకు నచ్చిందేంటో తెలిసింది. దానికి అంత చరిత్ర ఉన్నా, ఎవరూ తాడు కట్టి "ముట్టరాదు" అని బోర్డు పెట్టలేదు. రూజ్వెల్టు మాట్లాడిన చోటే సోమవారం పొద్దున స్కూలు పిల్లలు ప్రాక్టీసు చేసేవాళ్ళు. పక్కనున్న వెంట్‌వర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ హాకీ జట్టుకి కూడా అదే సొంత మైదానం. మామూలు శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ సీట్ల మధ్య ఎవరో ఒకరు చెమటా ఐసూ కలిసిన వాసనతో కిట్ బ్యాగు ఈడ్చుకుంటూ పోతూనే ఉండేవాళ్ళు. హైదరాబాద్‌లో, విజయవాడలో వందేళ్ళ బిల్డింగుని మనం రెండే రెండు రకాలుగా చూస్తాం. తాళమేసి పావురాలకి వదిలేస్తాం, లేకపోతే పడగొట్టి అపార్టుమెంటు లేపుతాం. వందేళ్ళ దాన్ని రోజూ వాడుకోవడం అనేది నేను అక్కడే చూశాను.

వాడకం అంటే ఏ స్థాయిలో అంటే, ఒకరోజు రాత్రి హాకీ, మర్నాడు బాస్కెట్‌బాల్. ఐసుని కరిగించరు. దాని మీదే వేడిని ఆపే పలకలు పరిచి, వాటి మీద చెక్క కోర్టుని ముక్కలు ముక్కలుగా బిగిస్తారు. ఆ పని చేసే బృందంలో మనుషులు తక్కువైనప్పుడు మమ్మల్నీ పిలిచేవాళ్ళు. ఒక్కో ముక్కకీ నంబరుంటుంది, ఒక మూల నుంచి మొదలుపెట్టి వరస తప్పకుండా పేర్చుకుంటూ పోవాలి. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని ఎత్తి, పక్క ముక్కకి ఆనించి, కాలితో తన్ని, పిన్ను దిగగొట్టాలి. ఖాళీ హాల్లో ఆ తన్నుడు చప్పుడు పైకప్పు దాకా వెళ్ళి వచ్చేది. పైన ఆటగాళ్ళు చెమటలు కక్కుతుంటారు, గీత పక్కన నిలబడ్డ మాకు మాత్రం బూటు అడుగుల్లోంచి చలి పైకెక్కేది. రెండు జతల సాక్సులు వేసుకోమని నాకు చెప్పింది కూడా పెద్దాయనే. ఆ కోర్టు మీదే ఎనభైల్లో రెజ్జీ లూయిస్ ఆడాడు. నార్త్‌ఈస్టర్న్ నుంచి సెల్టిక్స్‌కి వెళ్ళి కెప్టెనై, 1993లో ఇరవయ్యేడేళ్ళకే గుండె ఆగి పోయిన మనిషి. ఆయన గురించి మాట్లాడాల్సి వస్తే పెద్దాయన కథలా చెప్పేవాడు కాదు. "చూశాను, ఇక్కడే" అని ఊరుకునేవాడు.

బాల్కనీ గురించి చెప్పకపోతే డాగ్‌హౌస్ పిల్లలు ఊరుకోరు. స్టూడెంట్ల గుంపు పేరు అది, యూనివర్సిటీ గుర్తు హస్కీ కుక్క కాబట్టి. ఆ బాల్కనీ ఇప్పటి స్టేడియాల్లో లాగా వెనక్కి జరిగి ఉండేది కాదు, ఐసు మీదకి వాలి ఉండేది. ముందు వరసలో కూర్చుంటే ఆటగాళ్ళు మన కాళ్ళ కిందే తిరుగుతున్నట్టుండేది. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. ఎగరకుండా ఉండాలని ఆటకి ముందు దాన్నీ ఫ్రీజర్‌లో పెడతారు. అది గోడకి తగిలితే వచ్చే ఠప్ మనే చప్పుడు బాల్కనీలో పళ్ళకి తెలిసేది. అవతలి గోలీ, అంటే గోల్‌కీపరు, గోల్ వదిలాడంటే పిల్లలందరూ లేచి వేళ్ళు చూపిస్తూ నువ్వు జల్లెడవని తాళం వేసి మరీ ఏడిపించేవాళ్ళు, బ్యాండ్ అందుకునేది.

మా నల్గొండోణ్ణి ఒకసారి బలవంతంగా లాక్కొచ్చాను. స్టూడెంట్లకి టికెట్ ఉచితం అన్న మాట మీద వచ్చాడు. మొదటి పీరియడ్‌లో పక్ ఎక్కడుందో వాడికి కనబడనే లేదు. రెండో పీరియడ్‌లో ఇద్దరు గ్లవ్స్ పారేసి కొట్టుకోబోతే లేచి నిలబడ్డాడు. మూడోదానికి పక్కనున్న ఎవరో అమ్మాయి దగ్గర్నుంచి ఎర్ర స్కార్ఫు అరువు తెచ్చుకుని, గోలీని తెలంగాణ యాసలో తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాకు డ్యూటీ లేని రోజు కూడా వాడు వెళ్ళేవాడు.

నాకు మాత్రం ఆడపిల్లల మ్యాచ్‌లే ఎక్కువ నచ్చేవి. జనం పల్చగా ఉండేవాళ్ళు, స్కేటు ఐసుని కోసే కరకర మనే చప్పుడు స్పష్టంగా వినబడేది, ఆటగత్తెలు ఒకళ్ళనొకళ్ళు అరుచుకునే మాటలు కూడా. నార్త్‌ఈస్టర్న్ హాకీ ఆటగత్తె కెండల్ కాయిన్ నేను రాకముందే చదువైపోయి వెళ్ళింది. 2016లో కాలేజీ ఆడవాళ్ళ హాకీలో అతి పెద్దదైన ప్యాటీ కాజ్‌మైర్ అవార్డు తెచ్చుకుని, 2018లో ఒలింపిక్ బంగారం గెలిచిన జట్టులో ఆడింది. ఆమె ఆడిన ఐసు మీద, ఆమెని చూసి పెరిగిన పిల్లలు 2018లో తమ కాలేజీ లీగైన హాకీ ఈస్ట్ టోర్నీ గెలిచారు. ఆ జట్టు ఆటకి రావలసినంత జనం వచ్చేవాళ్ళు కాదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

2018 ఫిబ్రవరి సంగతికి వస్తే, నార్త్‌ఈస్టర్న్ మగవాళ్ళ జట్టు బీన్‌పాట్ గెలిచి 30 ఏళ్ళయింది. 1980లో మొదటిసారి, 84లో, 85లో, 88లో, ఆ తర్వాత శూన్యం. మూడు దశాబ్దాల పాటు ప్రతి ఫిబ్రవరి పెద్దాయన గార్డెన్‌కి వెళ్ళి తిట్టుకుంటూ ఇంటికి రావడమే. ఆ ఏడాది 12వ తేదీన ఫైనల్. నేనూ నల్గొండోడూ, పాత గార్డెన్ బదులు కట్టిన టీడీ గార్డెన్‌లో పైవరసల్లో ఎక్కడో కూర్చున్నాం, కాళ్ళు పట్టడానికి చోటు లేదు. ఆడమ్ గాడెట్ మూడు గోల్స్ కొట్టాడు. గోలీ కేడెన్ ప్రైమో గోడలా నిలబడ్డాడు. బోస్టన్ యూనివర్సిటీ మీద 5-2. హోబీ బేకర్ పేరు మీదున్న ఆ బహుమతి కూడా ఆ వసంతంలో గాడెట్‌కే వచ్చింది. ఆట ఇంకా పూర్తి కాకముందే నల్గొండోడు ఇంటికి వీడియో కాల్ చేసి, ఏమీ అర్థం కాని వాళ్ళమ్మకి "గెలిచినమే" అని అరుస్తున్నాడు. అక్కడ తెల్లవారింది, ఆవిడ "మంచిగ, తిన్నవా బిడ్డా?" అంటోంది.

తర్వాత అరీనాలో మ్యాచ్ రోజు పెద్దాయన రంగు వెలిసిపోయిన 1988 టోపీ పెట్టుకుని వచ్చాడు. డ్యూటీలో టోపీ పెట్టుకోకూడదు. సూపర్‌వైజరు చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత 2019లో, 2020లో కూడా వాళ్ళే వరసగా గెలిచారు, 2023లో మళ్ళీ. అప్పటికి నేను న్యూజెర్సీలో ఉద్యోగంలో పడ్డాను.

కూల్చేస్తారని మొదట విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. లోపల పనిచేసినవాడికి తెలుస్తుంది. ఒక మెట్టు ఎత్తుగా ఇంకోటి పొట్టిగా, వానొస్తే ఎక్కడ బకెట్ పెట్టాలో అందరికీ తెలిసిన చోట్లు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళని తిప్పితిప్పి తీసుకెళ్ళాల్సిన దారులు. ఆ చుట్టుపక్కల నేల కూడా చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో బురదని పూడ్చి చేసిందే. 115 ఏళ్ళ కట్టడాన్ని అలాంటి నేల మీద ఇంకా ఎంతకాలం నిలబెడతారు? 2009లో కొత్త సీట్లూ పైన వేలాడే కొత్త స్కోర్‌బోర్డూ పెట్టి బాగుచేశారు, ఇంక బాగుచేసి లాభం లేదని యూనివర్సిటీ వాళ్ళన్నారు. బహుశా నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు బిల్డింగుదే తప్పన్నట్టు "కాలం చెల్లింది" అంటారు చూడండి, అది నాకు నచ్చలేదు. చివరి వారం దాకా దాంతో పని చేయించుకున్నారు కదా.

ఆఖరి మ్యాచ్ బోస్టన్ యూనివర్సిటీ మీద. వెళ్ళాలనుకున్నాను, పాపకి జ్వరం, ల్యాప్‌టాప్‌లో చూశాను. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన కూడా ఇంట్లోనే చూస్తున్నాడు, మోకాళ్ళు ఆ మెట్లెక్కనివ్వడం లేదట. కెమెరా బాల్కనీ వైపు తిరిగినప్పుడల్లా "అక్కడ పైపు కారేది, గుర్తుందా?" అంటాడు. ఆటలో ఏం జరుగుతోందో మా ఇద్దరికీ పట్టలేదు.

అదే స్థలంలో కట్టే కొత్తది 2028లో తెరుస్తామంటున్నారు. హాకీకి 4,050 మంది, బాస్కెట్‌బాల్‌కి 5,300 మంది పట్టేలా. బొమ్మలు చూశాను, అద్దాలు, వెలుతురు, బోల్డన్ని జిమ్ములు. మామూలు స్టూడెంట్లు పొద్దున్నే వచ్చి వ్యాయామం చేసుకోవచ్చు. మంచిదే, మిషన్ హిల్ నుంచి మంచులో నడుచుకుంటూ వచ్చే మన పిల్లలకి వెచ్చగా ఒక చోటు దొరుకుతుంది. బాల్కనీ మాత్రం ఐసు మీదకి వాలేలా కడితే బాగుణ్ణు. ఆ ముక్క రాసి యూనివర్సిటీకి మెయిల్ కూడా పెట్టాను, అందిందని జవాబు వచ్చింది.

నల్గొండోడు ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. ఐసు అన్న మాట ఫ్రిజ్ తలుపు తీస్తే తప్ప గుర్తురాని ఊరు. అయినా జనవరి చివరికొచ్చేసరికి వాడి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, మొన్న కూడా వచ్చింది. హలో లేదు, ఎట్లున్నవ్ లేదు. "బీన్‌పాట్‌ల ఈసారి మనకెవడు తగిలిండు?"